చెవి కొస తెగిన పిల్లులు

నీటి పనుల క్వార్టర్స్,
ఎండలు మొదలైన వారం.

ఒరేయ్ గుండూ,

నలభై దాటిన పశువుల డాక్టర్ని పట్టుకుని ఇంకా గుండూ అంటానేమిటని నీ పెళ్ళాం గింజుకుంటుందని తెలుసు. చిన్నప్పుడు ఆ పేరు పెట్టిన నాటికి నీ నెత్తి నిండా జుట్టుండేది, పేరు అబద్ధం. ఇప్పుడు నిజమైంది. ఇప్పుడెందుకు మానాలి? ఫోన్ చేస్తే ఒక చెవితో వింటూ ఇంకో పని చూసుకుంటావు. అందుకే ఉత్తరం.

నా పని మామూలే. పొద్దున్నే సీసాలు పట్టుకుని జలాశయం చుట్టూ తిరిగి నీళ్ళు పట్టడం, ల్యాబుకొచ్చి పరీక్ష చేయడం. ఊరంతా తాగే నీళ్ళు, ఏ కాస్త తేడా వచ్చినా నా మెడకే. ఇందులో నాకు ఇష్టమైనది ఆ తిరగడమే. గట్టు మీది గులకరాళ్ళలో ఈ ఏడు కూడా తీతువులు గుడ్లు పెట్టాయి. అవి గూడంటూ కట్టవు. రాళ్ళ మధ్య చిన్న గుంట, అందులో రాళ్ళలాంటి గుడ్లు. పక్కన నిలబడినా కనపడవు. అందుకని వాచ్‌మన్ బాబాయి గడ్డి కోసేవాళ్ళు తొక్కకుండా చుట్టూ పుల్లలు పాతి ఎర్రగుడ్డ కట్టాడు. ఆయన దగ్గరికి వెళ్తే పిట్ట అరవదు. నేను వెళ్తే మాత్రం ఊరు లేచేట్టు అరుస్తుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా నన్ను నమ్మదు.

అసలు సంగతి ఇది. నేను హెడ్డాఫీసు శిక్షణకి వెళ్ళి వచ్చేసరికి ఇక్కడ పిల్లులు చేరాయి. ఒకటీ రెండూ కాదు, ఎటు చూసినా పిల్లే. బక్కచిక్కినవి కాదు. నున్నగా, బొద్దుగా ఉన్నాయి. ప్రతిదానికీ ఎడమ చెవి కొస తెగి ఉంది. పోట్లాటలో తెగితే చిరిగినట్టు ఉండాలి కదా, ఇది కత్తెరతో కత్తిరించినట్టుంది. ఇదేం జబ్బు? నీకు తెలుస్తుందని రాస్తున్నాను.

మీ అక్క.

*

ఆస్పత్రి,
పేషెంట్లు తగ్గిన సాయంత్రం.

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరదలు నవ్వింది. గింజుకోవడం మానేసిందట. తనూ రెండుసార్లు గుండూ అని పిలిచింది.

పిల్లుల గురించి కంగారు పడకు. వాటికి గోడలొక లెక్కా? ఊళ్ళోంచి వచ్చి ఉంటాయి. చెవులంటావా, పోట్లాటల్లో తెగుతుంటాయి. ఒక్కోసారి నున్నగానే తెగినట్టు కనిపిస్తుంది. జబ్బేమీ అయి ఉండదు. పిల్లులుంటే ఎలుకలు తగ్గుతాయి, మీ పంపుహౌసులో వైర్లు కొరికే బెడద పోతుంది. పిట్టల సంగతికొస్తే, గద్దలు ఎత్తుకుపోవడం లేదా, పాములు మింగడం లేదా? ఒక విడత పోతే ఇంకో విడత పెడతాయి. నీకు మరీ భయంగా ఉంటే గుడ్ల చుట్టూ నిమ్మతొక్కలు చల్లు, ఆ వాసన పిల్లులకి గిట్టదు.

ఒక సంతోషమైన కబురు. ఇక్కడి జంతుప్రేమికుల సంఘం వాళ్ళు నాకు సన్మానం చేస్తారట. వీధి పిల్లులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నాను కదా, ఊళ్ళో వాటి గోల తగ్గిందని అందరూ అంటున్నారు. నాకు ఇలాంటివి నచ్చవని చెప్పాను. వాళ్ళు వినలేదు. నిజం చెప్పనా, నేనూ గట్టిగా చెప్పలేదు.

గుండు.

*

నీటి పనుల క్వార్టర్స్,
ఎండ కాల్చేస్తోంది.

గుండూ,

నిమ్మతొక్కలు చల్లాను. పిల్లులు వాసన చూసి, వాటి పక్కనే పడుకున్నాయి.

గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. తీతువు పిల్ల పుట్టిన పూటే పరిగెడుతుంది, దూదిపింజకి రెండు పుల్లలు గుచ్చినట్టుంటుంది. నేను సీసా ముంచుతూ చూస్తున్నాను. గట్టు కింది గడ్డిలో వంకరతోక పిల్లి నేలని కరుచుకుని ఉంది. తల్లి దాన్ని చూసింది. చూసి, పిల్లల దగ్గర్నుంచి దూరంగా పోయి, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకోవడం మొదలుపెట్టింది. అది వాటి ఉపాయం. కుక్కయినా మనిషయినా దెబ్బతిన్న పిట్టనుకుని వెంటపడతారు. కొంతదూరం లాక్కెళ్ళి, ఒక్కసారిగా లేచిపోతుంది. కానీ కుక్క పరిగెత్తుకుంటూ వస్తుంది, పిట్టకి లేవడానికి వ్యవధి ఉంటుంది. పిల్లి పరిగెత్తలేదు. కదలకుండా ఉండి, అది తిరిగి చూసేలోపు ఒక్క దూకు దూకింది. నటన నిజమైపోయింది.

నేను అరుస్తూ పరిగెత్తాను. నా చేతిలో సీసా పగిలింది. ఏం లాభం? మధ్యాహ్నం గదికి వచ్చేసరికి వంకరతోకది ఆ పిట్టని తెచ్చి నా గుమ్మంలో పెట్టి, పక్కన కూర్చుని నా మొహం చూస్తోంది. ఒక్క ముక్క తినలేదు. ఆకలేసి చంపి ఉంటే నాకింత బాధ ఉండేది కాదేమో. దాని కడుపు నిండుగానే ఉంది, ఫిల్టరు హౌసు కుర్రాళ్ళు పెడుతూనే ఉన్నారు. నాకు కానుక తెచ్చాననుకుంది పాపం.

తల్లి లేకపోయేసరికి పిల్లలు ఎటు పరిగెత్తాలో తెలియక తిరిగాయి. ఆ రెండు రోజుల్లో అన్నీ పోయాయి. మగపిట్ట ఇంకా అక్కడే ఎగురుతూ అరుస్తోంది. గడ్డిలోని కౌజుపిట్టల అలికిడి కూడా ఆగిపోయింది.

సూపరింటెండెంటుగారు బాబాయిని పిలిచి, “గేటు దగ్గర నిద్రపోతున్నావా? ఇన్ని పిల్లులు ఎగిరొచ్చాయా?” అని అందరిముందూ అరిచి మెమో ఇచ్చారు. బాబాయి తల వంచుకుని తీసుకున్నాడు. ఇక పిల్లుల్ని పట్టే బండిని పిలవమని నాకు చెప్పారు. బండివాళ్ళు తీసుకెళ్ళాక ఏం చేస్తారో నీకు నాకంటే బాగా తెలుసు.

అందుకే అడుగుతున్నాను. వీటిని ఎవరు వదిలారో కనుక్కోవడానికి దారేమైనా ఉందా? వదిలినవాళ్ళే వచ్చి తీసుకెళ్తే అందరికీ మంచిది. నువ్వు పిల్లుల డాక్టరువి, నలుగురూ నీ దగ్గరికే వస్తారు. నీ జవాబు వచ్చేదాకా బండిని ఆపుతాను. త్వరగా రాయి.

అక్క.

*

ఆస్పత్రి.

అక్కా,

ఊపిరి సలపని పని. అందుకే ఆలస్యమైంది. ఎవరు వదిలారో చెప్పడం కష్టం, ఊళ్ళో ఎంతమందో వదులుతుంటారు. బండి విషయం మీ ఆఫీసుది, నేను చెప్పేదేముంది? నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి. మనసు పాడుచేసుకోకు.

సన్మానం బాగా జరిగింది. మెమెంటో ఇచ్చారు. ఫోటో పంపుతున్నాను.

గుండు.

*

నీటి పనుల క్వార్టర్స్.

గుండూ,

ఫోటో అందింది. బాగుంది.

నిన్న బండి వచ్చింది. ఎలా పట్టాలా అని వాళ్ళు వలలూ బోన్లూ దించుతుంటే, నేను పళ్ళెం తీసుకుని చెంచాతో కొట్టాను. ఆ చప్పుడుకి వస్తాయని నాకు మొదటి వారంలోనే తెలిసింది. వాటికెవరో అలవాటు చేశారు. తోకలు పైకెత్తుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ నేనే ఎత్తి బోనులో పెట్టాను. వంకరతోకది నా భుజం మీద తల పెట్టుకుంది.

బండిలో పెద్దాయన అన్నాడు: “ఇంత మంచి పిల్లుల్ని ఎప్పుడూ పట్టలేదు మేడమ్. గీరవు, కరవవు. ఎవరివైనా పెంపుడువేమో, ఒకసారి కనుక్కోండి.”

“ఎవరివీ కావు,” అన్నాను.

కాగితం మీద సంతకం పెట్టాను. ఇంకేం లేదు రాయడానికి.

*

ఇల్లు,
తెల్లారుజాము.

అక్కా,

ఆ పళ్ళెం చెంచా అలవాటు చేసింది నేనే. ఆపరేషనయ్యాక పిల్లుల్ని మా వెనక వరండాలో ఉంచి, అన్నం పెట్టేటప్పుడు నేనే అలా కొడతాను. చెవులు కత్తిరించింది నేనే. ఆపరేషన్ అయిపోయినదానికి గుర్తు అది, మళ్ళీ మళ్ళీ పట్టి కోయకుండా మత్తులో ఉండగానే కొస తీసేస్తాం. జబ్బు కాదని నీకు చెప్పేటప్పుడు నాకు పూర్తిగా తెలుసు.

అందరూ తెచ్చి అప్పజెప్పేవాళ్ళేగాని వెనక్కి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. వరండా నిండిపోయింది. పట్టిన వీధిలోనే వదిలితే రాళ్ళు వేస్తున్నారు, బళ్ళ కింద పడుతున్నాయి. అప్పుడు మీ జలాశయం గుర్తొచ్చింది. చుట్టూ గోడ, లోపల కుక్కల్లేవు, బళ్ళు లేవు, ఎలుకలు బోలెడు. నువ్వు హెడ్డాఫీసుకి వెళ్ళావని తెలిసి జీపులో నేనే తీసుకొచ్చాను. రెండు విడతలు. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి గేటు తీశాడు. “అక్కగారు లేరు కదండీ” అన్నాడు. “తెలుసు, ఇక్కడ ఒక చిన్న పని” అన్నాను. బుట్టల్లో ఏముందని ఆయన అడగలేదు. నీ తమ్ముడిని కదా.

నిన్ను ఎందుకు అడగలేదంటే, వద్దంటావని. అంతకంటే కారణం లేదు.

నీ రెండో ఉత్తరం సన్మానానికి ముందే అందింది. పిట్ట సంగతి చదివి బల్ల మీద బోర్లించి పెట్టాను, మళ్ళీ తీసి చదివాను. అప్పుడు నేను ఒక్క ముక్క రాస్తే, లేదా జీపు వేసుకుని వస్తే సరిపోయేది. రాస్తే అది అందరికీ తెలుస్తుందేమో, సన్మానం ఆగుతుందేమో అనుకున్నాను. ఇంత చిన్న కారణమా అంటే, అంతే. వేదిక మీద ఒకావిడ నా గురించి “ఈయన చేతులు దయగల చేతులు” అంది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెమెంటోని గట్టిగా పట్టుకున్నాను.

నీ మూడో ఉత్తరం మీ మరదలు కూడా చదివింది. “ఈ పళ్ళెం మనదేనా?” అంది. అవునన్నాను.

“మరి వదినకి రాయలేదా?”

“సన్మానం అయ్యాక రాద్దామనుకున్నాను.”

“అయ్యాక రాయడానికి ఏం మిగిలింది?” అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది.

ఆ పూటే బండివాళ్ళ యార్డుకి వెళ్ళాను. ఎవరైనా అడుగుతూ వస్తారేమోనని కొన్నాళ్ళు ఉంచి, రాకపోతే ప్రాణం తీసే సూది వేసేస్తారు. ఆ గడువు దాటిపోయింది. బోన్లు కడిగి ఎండలో బోర్లించి ఉన్నాయి. “మీవా సార్?” అని అడిగాడు అక్కడి మనిషి. ఆయనతో కూడా అవునని చెప్పలేకపోయాను అక్కా. ఊరికే చూడ్డానికి వచ్చానన్నాను.

నువ్వు తిట్టినా జవాబు రాయి.

తమ్ముడు.

*

నీటి పనుల క్వార్టర్స్,
మొదటి వాన పడ్డాక.

గుండూ,

ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడం కోపంతో కాదు. నీ ఉత్తరం చదివి నేను ఆశ్చర్యపోలేదు. అదే నేను చెప్పలేక ఆగిపోయాను.

నాకు ముందే తెలుసు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన రోజునే బాబాయి చెప్పాడు, “తమ్ముడుగారు జీపులో వచ్చి వెళ్ళారమ్మాయిగారూ, బుట్టలు దించారు” అని. చెవులు చూశాను, అర్థమైంది. అప్పుడే కూర్చుని నీకు మొదటి ఉత్తరం రాశాను, ఇదేం జబ్బు అని అమాయకంగా. నీ నోటితో నువ్వు చెప్తావని ఎదురుచూశాను. చిన్నప్పుడు నువ్వు పలక పగలగొట్టి దాచినప్పుడు, తెలిసీ తెలియనట్టు “పలక ఏదిరా” అని అడిగేదాన్ని, నువ్వు ఏడుస్తూ చెప్పేవాడివి. ఇప్పుడూ అలాగే అనుకున్నాను. ఒకసారి అడిగాను, రెండోసారి అడిగాను. నీ ఫోటో వచ్చింది.

ఆ ఫోటోలో నీ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే బండికి ఫోన్ చేశాను. “నీ జవాబు వచ్చేదాకా ఆపుతాను” అని నేనే కదా రాశాను? జవాబు వచ్చింది కాబట్టి మాట తప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. సూపరింటెండెంటుగారు ఇంకో నెల ఆగమన్నా ఆగేవారు. నీకు ఫోన్ చేసి “ఒరేయ్, వచ్చి నీ పిల్లుల్ని తీసుకుపో” అంటే పది మాటల పని. అనలేదు. నీకు తెలిసొచ్చేట్టు చెయ్యాలనుకున్నాను. నీ మీద కోపం వాటి మీద తీర్చుకున్నాను. పిట్టల కోసం చేశానని అందరూ అనుకుంటున్నారు. మగపిట్ట అప్పటికే వెళ్ళిపోయింది గుండూ. ఆ రోజు గట్టు మీద కాపాడటానికి ఒక్క గుడ్డు లేదు.

పెద్దాయన “ఎవరివైనా పెంపుడువేమో” అన్నప్పుడు కూడా నాకు తెలుసు అవి ఎవరివో.

బాబాయి మెమో సంగతి ఇంకా సిగ్గు. నేను వెళ్ళి చెప్పేవరకూ ఆయన ఆఫీసులో ఎవరి దగ్గరా నీ పేరు ఎత్తలేదు. అడిగితే, “మీ ఇంటి మనిషి పేరు నేనెలా చెప్తానమ్మాయిగారూ” అన్నాడు. అది విని కూడా ఇన్ని వారాలు ఊరుకున్నాను. మొన్న వెళ్ళి సూపరింటెండెంటుగారికి చెప్పాను, గేటు తీయించుకుని వదిలింది నా తమ్ముడు, తెలిసీ దాచింది నేను అని. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. బాబాయి మెమో వెనక్కి తీసుకున్నారు, నాకొకటి ఇచ్చారు. ఇవ్వకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

నిన్ను తిట్టమన్నావు. ఏ మొహం పెట్టుకుని తిట్టను?

అక్క.

*

ఆస్పత్రి,
వానలు జోరుగా ఉన్నాయి.

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని సంఘం మీటింగుకి వెళ్ళాను. బయటికి తీయలేదులే. నా సంగతే చెప్పాను. ఆపరేషన్ చేసిన పిల్లుల్ని ఎక్కడ వదిలానో, అవి అక్కడ ఏం చేశాయో, చివరికి వాటికి ఏమైందో. పిల్లలు పుట్టకుండా కోశాను గాని, వేటాడకుండా కోయలేను కదా. వదిలేయడం దయ అనుకున్నాను, నేను చేసింది వదిలించుకోవడం, అని చెప్పాను.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. సన్మానం రోజు నా చేతుల్ని పొగిడిన ఆవిడే లేచి, “మీ దగ్గర ఆపరేషన్ చేయించి నేనూ పార్కులో వదిలాను. అయితే నేనూ పిట్టల్ని చంపినట్టేనా డాక్టర్‌గారూ?” అంది. ప్రెసిడెంటుగారు, పిట్టలు అద్దాలకి కొట్టుకుని చస్తున్నాయి, పొలాల మందులకి చస్తున్నాయి, పాపమంతా పిల్లుల మీదే తోస్తారా అన్నారు. అవన్నీ నిజమే అన్నాను. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నవీ అవే అన్నాను. సగం మంది లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఇబ్బందిగా టీ తాగారు.

ఇప్పుడు వరండాకి పైదాకా జల్లెడ వల కొట్టించాను. కంపౌండరు గోడకి అటకల్లాంటి బల్లలు బిగించాడు, పిల్లులు ఎక్కి కూర్చుంటాయి. ఎవరైనా తెస్తే, “ఆపరేషన్ చేస్తాను, కానీ ఇంట్లోనే ఉంచుకుంటేనే” అంటున్నాను. కొందరు సరేనంటారు. కొందరు తిట్టుకుంటూ పోతారు. చెప్పాపెట్టకుండా గేటు దగ్గర బుట్ట పెట్టి పోయేవాళ్ళూ ఉన్నారు. వరండా మళ్ళీ నిండుతోంది. ఇది ఎన్నాళ్ళు సాగుతుందో తెలియదు. మీ మరదలు రోజూ వాటికి అన్నం కలుపుతోంది. పళ్ళెం మాత్రం కొట్టదు, నన్నూ కొట్టనివ్వదు. ఆ చప్పుడు వినలేనంటుంది.

నిన్ను చూడాలని ఉంది. ఆ గేటు దగ్గరికి రావాలంటే కాళ్ళు రావడం లేదు. వస్తే రానిస్తావా?

తమ్ముడు.

*

నీటి పనుల క్వార్టర్స్,
వాన వెలిసిన పొద్దు.

గుండూ,

ఈ ఏడు తీతువులు మళ్ళీ రాలేదు. వస్తాయని నీతో అబద్ధం చెప్పను. గడ్డిలో మాత్రం మొన్న ఒక కౌజుపిట్ట అరిచింది. ఒక్కటే. దానికి జత ఉందో లేదో తెలియదు.

ఆదివారం రా. జీపులో రాకు, బస్సులో రా. జీపైతే గేటు తీయొద్దని రిజిస్టరులో నేనే రాశాను. బాబాయి నిన్ను గుర్తుపడతాడు, గుర్తుపట్టనట్టు నిలబడతాడు. అక్కడ నా తమ్ముణ్ణని చెప్పకు. ఆ చుట్టరికం చూసే ఒకసారి గేటు తీశాడు. “బుట్టలు దించింది నేనే, మీకు మెమో వచ్చింది నావల్లే” అని చెప్పు. ఆయన తిడతాడు. మధ్యలో అడ్డు రాకుండా, చేతులు కట్టుకుని పూర్తిగా తిట్టించుకో. నీకు ఆ అదృష్టమైనా ఉంది. నన్ను రోజూ చూస్తాడు, లేచి నిలబడతాడు, నమస్కారం పెడతాడు, ఒక్క మాట అనడు.

అయ్యాక లోపలికి రా. అన్నం పెట్టుకుని కూర్చుంటాను.

అక్క.